పన్నెండడుగుల లోతున అప్పడాలు

తాను ఇరవైమంది పనివాళ్ళతో, రెండు గ్రైండర్లతో, మేడమీద ఆరేసిన మినప అప్పడాలతో సహా పన్నెండడుగుల నీటి అడుగున మునిగి ఉన్నానన్న సంగతిని వేమూరి శేషారత్నం కోటవీరవరం మున్సిపల్ ఆఫీసులో, లైసెన్సుల కౌంటర్ దగ్గర కనిపెట్టింది.

ఆ సమయానికి ఆవిడ పొడిగానే ఉంది. చీర కుచ్చిళ్ళు తడవలేదు. చేతిసంచిలో ఉన్న రెన్యువల్ కాగితాలూ తడవలేదు.

కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి పేరు నీలోఫర్. మ్యాప్ సెల్‌లో కాంట్రాక్టు ఉద్యోగి. ఆమె కంప్యూటర్‌లో ఊరి పటం తెరిచి శేషారత్నం ఇంటి నంబరు కొట్టింది. తెరంతా నీలం అయింది. ఇంకా దగ్గరికి లాగింది. ఇంకా నీలం.

"పిన్నీ, మీరు అప్పడాల వీధిలోనే ఉంటున్నారు కదా?"

"కాపరానికొచ్చిన కాణ్ణించీ అక్కడే చస్తున్నాను. ఏం?"

"ఏం లేదు. మీరు చెరువులో ఉన్నారు."

"ఎవరు?"

"మీరే. మీ ఇల్లు, వెనకాల గోడౌను, పక్కన రంగుల షాపు, ఆ పక్కన టైలరు. అందరూ బాతుల చెరువులో ఉన్నారు. మీరు కాస్త నడిమధ్యలో పడ్డారు. లోతు పన్నెండడుగులని చూపిస్తోంది."

"బాతుల చెరువు ఊరికి ఆ చివర కదే అమ్మడూ! రైల్వే గేటు దాటాక!"

"ఉండేది. ఇప్పుడక్కడ ఖాళీ స్థలం అని ఉంది."

శేషారత్నం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. నీలం పోలేదు.

ఇక్కడ ఆ పటం సంగతి చెప్పాలి. కోటవీరవరం పురపాలక సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక పటం ఉంది. పేరు పురదర్పణం. అడుగున మామూలు పటం ఉంటుంది: వీధులు, రైలు పట్టాలు, కాలవలు. దానిమీద ఒక్కో శాఖ తన ఫైలు ఎక్కిస్తుంది. కుళాయి గొట్టాల ఫైలు, వీధి దీపాల ఫైలు, ఇళ్ళ ఫైలు, చెరువుల ఫైలు. అవన్నీ ఒకదాని మీద ఒకటి పల్చటి కాగితాల్లా పరుచుకుంటాయి. బొమ్మల పుస్తకం మీద ట్రేసింగ్ కాగితం పెట్టి పిల్లలు ఏనుగుని గీస్తారే, అచ్చం అలాగే. తేడా ఒక్కటే. పిల్లలు గీసిన ఏనుగుని చూసి ఎవరూ మావటివాణ్ణి నియమించరు.

కోటవీరవరంలో నియమిస్తారు. దానికి సర్కులర్ ఉంది.

ఆ సర్కులర్‌ని చూడకుండా చెప్పగలిగిన మనిషి మేనేజరు ఇవటూరి సుబ్బారాయుడు. నుదుట విభూతి, జేబులో మూడు పెన్నులు, ఆ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. శేషారత్నం గొంతు విని ఆయనే కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా, ఏటి గొడవ?"

"నేను మునిగిపోయానంటండి సుబ్బారాయుడు గారూ!"

ఆయన తెరవైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "క్షేత్రమునకును పటమునకును భేదము కలిగినచో పటమునే ప్రమాణముగా గైకొనవలెను. సర్కులర్ అండి. పటమే ప్రమాణం. నేనేం చేయగలను?"

"మీ కళ్ళెదురుగా నుంచున్నాను కదండీ! తడిగా ఉన్నానా?"

"మీరు పొడిగానే ఉన్నారమ్మా. మీ ఇల్లు తడిగా ఉంది. మునిగిన ఇంటికి ఆహార పదార్థాల లైసెన్సు ఇవ్వకూడదు."

"దసరాకి మూడు ఊళ్ళ కొట్లకి సరుకు ఇస్తానని ఒప్పుకున్నానండి! లైసెన్సు లేకపోతే ఒక్క కట్ట కూడా దింపుకోరు. నా దగ్గర ఇరవైమంది ఆడాళ్ళు పన్జేస్తున్నారు, వాళ్ళకేం చెప్పను?"

"ఈత నేర్చుకోమనండి" అన్నాడు వెనక వరుసలో ఎవరో. శేషారత్నం వెనక్కి తిరిగి చూసింది. ఆ వరుస మొత్తం ఒక అడుగు వెనక్కి జరిగింది.

*

ప్రభుత్వం ఏదైనా నమ్మడానికి చాలాకాలం తీసుకుంటుంది. నమ్మాక మాత్రం ఆగదు.

మర్నాడే విద్యుత్ శాఖ వచ్చి, నీటిలో ఉన్న ఇళ్ళకు కరెంటు ప్రాణాపాయమని వైర్లు కత్తిరించింది. గ్రైండర్లు ఆగిపోయాయి. శేషారత్నం రుబ్బురోళ్ళు బయటికి తీయించింది.

తర్వాత మత్స్యశాఖ వచ్చింది. చెరువు ఒకటి కొత్తగా రికార్డులోకి చేరింది కనుక అందులో చేప పిల్లలు వదలాలి. ఇద్దరు మనుషులు నీళ్ళ సంచులు మోసుకొచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"ఎక్కడ వదలమంటారండి?"

"నా నెత్తిన వదులు" అంది శేషారత్నం.

వాళ్ళు చాలాసేపు ఆలోచించి, వదిలినట్టు ఫోటో తీసుకుని, సంచులు మళ్ళీ మోసుకుపోయారు.

ఆ తర్వాత ఇంజనీరింగ్ విభాగం వచ్చి ఆవిడ గేటు పక్కన ఒక బోర్డు పాతింది: 'ఈ చెరువులో ఈత కొట్టరాదు. లోతు పన్నెండు అడుగులు.' శేషారత్నం ఆ బోర్డుకి తాడు కట్టి, రెండో కొస కిటికీకి కట్టి, అప్పడాలు చుట్టే గుడ్డలు ఆరేసింది. జనం వచ్చి ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు కదా, తలా ఒక కట్ట కొనుక్కెళ్ళారు. కానీ చిల్లర బేరంతో ఇరవైమందికి పని చూపించలేం. కొట్లవాళ్ళు ఫోన్ చేసి లైసెన్సు నంబరు అడుగుతూనే ఉన్నారు.

ఊరికి ఆ చివర కథ ఇంకో రకంగా నడిచింది. రైల్వే గేటు దాటాక నలభై ఎకరాల బాతుల చెరువు ఎప్పట్లాగే నిండుగా ఉంది. పటంలో మాత్రం అది ఖాళీ స్థలం. కాబట్టి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి మున్సిపల్ సిబ్బంది ఒక బోర్డు పాతారు: 'ఇది పురపాలక సంఘ స్థలం. ఆక్రమించినవారు శిక్షార్హులు.' ఆ సాయంత్రమే అందులో పడుకున్న గేదెల మీద ఆక్రమణ కేసు రాసి, నోటీసు వాటి యజమాని చేతికిచ్చారు. గేదెలు స్థలం ఖాళీ చేయలేదు.

*

అర్జీల రోజు కమిషనర్ సోమసుందర ప్రసాద్ గారు శేషారత్నాన్ని సాదరంగా కూర్చోబెట్టారు. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్ళకు గెజిట్ చదువుతున్నట్టుండేది. ఇంట్లో కూడా కాఫీ చల్లారితే 'ఉష్ణోగ్రత విషయమై తగు చర్య తీసుకొనవలెను' అంటారని చెప్పుకుంటారు.

"మీ ఆవేదన ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది" అన్నారాయన.

"నా ఇల్లు మీ దృష్టికి రాలేదాండి? మెయిన్ రోడ్డు మీదే ఉంది."

"ఇల్లు వచ్చినది. అది చెరువులో అక్రమ కట్టడముగా వచ్చినది. జలవనరుల ఆక్రమణపై ప్రభుత్వము కఠినముగా ఉన్నది."

"చెరువొచ్చి నామీద పడితే నేను ఆక్రమించినట్టా?"

కమిషనర్ గారు పక్కనున్న మేనేజరు వైపు చూశారు. సుబ్బారాయుడు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"చెరువు కదలినదనుటకు ఆధారమున్నదా?"

గోడవారగా నిలబడ్డ నీలోఫర్ చెయ్యెత్తింది. "ఉందండి. రూపం చూడండి సార్. బాతుల చెరువు వంకాయలా ఉంటుంది, తొడిమ దగ్గర చిన్న వంపు. ఇప్పుడు అప్పడాల వీధి మీదున్నదీ అదే వంకాయ, అదే వంపు. అక్షాంశం, రేఖాంశం అంకెలు తారుమారై ఇలా కాలేదండి. అంకెలు తారుమారైతే ఏకంగా మంచు సముద్రంలో పడుతుంది. మొన్న శ్మశానాల ఫైలు అలాగే పడింది, మధ్యాహ్నానికి లాక్కొచ్చాం. ఇది ఎవరో ఫైలు తెరిచి, చెరువుని మౌసుతో పట్టుకుని, లాక్కొచ్చి ఇక్కడ పెట్టారు. కావాలని."

"అయితే వెనక్కి లాగేయమ్మా!" అంది శేషారత్నం.

"లాగడానికి వీల్లేదు పిన్నీ. ఫైలు సరిచేయాలంటే తనిఖీ నివేదిక కావాలి. తనిఖీ నివేదిక పటంతో సరిపోతేనే తీసుకుంటారు. పటంలో చెరువు మీ ఇంటిమీద ఉంది. అంచేత చెరువు మీ ఇంటిమీద లేదు అన్న నివేదిక చెల్లదు."

కమిషనర్ గారు సంతృప్తిగా తల ఊపారు. ఒక నిబంధన తన చుట్టూ తాను తిరిగి వచ్చి తన తోకను అందుకున్నప్పుడు ఆయనకు కలిగే ఆనందం అది.

"రెండు ఆదేశములు జారీ చేయుచున్నాను" అన్నారు. "ఒకటి, చెరువును కదిలించిన వ్యక్తిపై విజిలెన్సు విచారణ. రెండు, వచ్చే సోమవారము ఆక్రమణ కూల్చివేత. రెండును సమాంతరముగా సాగవలెను."

"దొంగ దొరికాక కూల్చొచ్చు కదండీ?" అంది శేషారత్నం.

"దొరకని పక్షమున కూల్చివేత ఆలస్యమగును."

*

విజిలెన్సు నుంచి వచ్చినాయన పేరు కర్రి సత్తిరాజు. తన సర్వీసులో గొలుసులు, మోటారు సైకిళ్ళు, ఒకసారి రాత్రికి రాత్రి మాయమైన ట్రాన్స్‌ఫార్మర్ కూడా వెతికి పట్టుకున్నాడు. చెరువు పోవడం ఆయనకిదే మొదలు.

పాత పద్ధతి మనిషి కనుక ముందు నేరం జరిగిన చోటుకి వెళ్ళాడు. రైల్వే గేటు దాటాడు. చూశాడు. తిరిగి వచ్చాడు.

"చెరువు ఉన్నచోటే ఉంది కదండీ!"

"క్షేత్రములో ఉన్నది. రికార్డులో లేదు" అన్నారు కమిషనర్ గారు. "మీరు విచారించవలసినది రికార్డులోని చెరువును."

సత్తిరాజు మ్యాప్ సెల్‌లో కూర్చున్నాడు. "ఫైలు ఎవరెక్కించారో ఆ మిషన్‌లో తెలుస్తుందా అమ్మాయ్?"

"తెలుస్తుంది సార్. అడ్మిన్."

"ఆ అడ్మిన్‌ని పిలు."

"అందరమూ అడ్మినేనండి. ఆఫీసు మొత్తానికి ఒకటే లాగిన్." నీలోఫర్ గోడవైపు చూపించింది. క్యాలెండర్ కింద స్కెచ్ పెన్నుతో పాస్‌వర్డ్ పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. "టీ తెచ్చే ఆయనకి కూడా తెలుసు. మేం మర్చిపోతే ఆయన్నే అడుగుతాం."

సత్తిరాజు మీసం సవరించుకున్నాడు. ఇక మిగిలింది పాత సూత్రం: లాభం ఎవరికి? చెరువు పక్కన స్థలాలు ఎవరివి? మేడపాటి భాస్కరరెడ్డివి. ఆ గట్టునే అరవై ప్లాట్ల వెంచర్ వేసిన రియల్ ఎస్టేట్ ఆసామి. చెరువు రికార్డులోంచి పోతే దాన్ని పూడ్చి ఇంకో వెంచర్ వేయొచ్చు. సత్తిరాజుకి వాసన తగిలింది. జీపు వేసుకుని ఆయన ఆఫీసు మీదికి వెళ్ళాడు.

భాస్కరరెడ్డి ఆయన్ని చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడల్లే వచ్చారండి! నా చెరువు నాకిప్పించండి!"

"మీ చెరువా?"

గోడమీద నిలువెత్తు బొమ్మ ఉంది. చెరువు, పడవ, చేతులు పట్టుకున్న దంపతులు. కింద 'ప్రతి కిటికీ లోంచీ నీళ్ళు.'

"చెరువు చూపించి ప్లాటుకి రెండింతలు వసూలు చేశానండి. కొన్నోళ్ళు ఫోన్లో మ్యాపు తెరిస్తే చెరువు లేదు. ఖాళీ స్థలమంటోంది. డబ్బు వెనక్కియ్యమని కూర్చున్నారు. చెరువు అదిగో కళ్ళెదురుగా ఉందిరా బాబూ, కిటికీ తెరిచి చూడండ్రా అంటే, ఫోన్లో లేదు కదండీ అంటున్నారు!" భాస్కరరెడ్డి తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

అనుమానితుల్లో ఒకరు తగ్గారు. రెండో అనుమానితుడు చేపల కాంట్రాక్టరు. అతని చేపలు పాత చెరువులో, హక్కుపత్రం కొత్త చెరువుది. వల వేస్తే అప్పడాలు పడతాయి. అతనూ కాదు. మూడో మనిషి లేడు. ఆ చెరువు కదలడం వల్ల ఊళ్ళో ఒక్కడికీ ఒక్క పైసా లాభం లేదు. లాభం లేకుండా నేరం చేసేవాళ్ళు సత్తిరాజుకి ఇంతవరకూ తగల్లేదు.

"సార్, ఎందుకు జరిపారన్నది కాదు, అంత దూరం లాక్కొచ్చి సరిగ్గా అప్పడాల వీధిమీదే ఎందుకు దింపారు?" అంది నీలోఫర్. "మధ్యలో ఎన్ని ఖాళీ చోట్లు లేవు!"

"అదేనమ్మా నాకు నిద్రపట్టనివ్వట్లేదు" అన్నాడు సత్తిరాజు.

*

కూల్చివేతకు ముందు తనిఖీ జరగాలి. జలవనరుల తనిఖీ అధికారులు పడవలో, లైఫ్ జాకెట్లు ధరించి చేయాలని నియమం. లంకల రేవు నుంచి ఒక పడవని, దానితోపాటు సరంగునీ తెప్పించారు. పడవని ట్రాక్టరు తొట్టిలో పెట్టి, తొట్టిని అప్పడాల వీధిలోకి నడిపించారు. ముందు కమిషనర్ గారు నారింజరంగు జాకెట్లో నిటారుగా కూర్చున్నారు. వెనక గొడుగు పట్టుకుని సుబ్బారాయుడు. ఆ వెనక నీలోఫర్, సత్తిరాజు.

"బాబయ్యా, తెడ్డు వెయ్యమంటారా?" అడిగాడు సరంగు.

"నిబంధన ప్రకారము వేయవలెను."

సరంగు గాల్లో తెడ్డు వేశాడు. ట్రాక్టరు కదిలింది. వీధి రెండువైపులా జనం నిలబడి తీర్థానికొచ్చినట్టు చూశారు. "ఎడంపక్క స్కూటరుందిరోయ్, తెడ్డు తగుల్తుంది!" అని టైలరు అరిచాడు.

పడవ శేషారత్నం మేడకు సరిగ్గా ఎదురుగా ఆగింది. ఆవిడ మేడమీద అప్పడాలు తిరగేస్తోంది. ఆవిడ ముఖం, కమిషనర్ గారి ముఖం ఒకే ఎత్తులో ఉన్నాయి.

"రండి బాబూ, మునిగిపోకుండా వచ్చారు, అదే పదివేలు" అంది.

"లోతు కొలువవలెను" అన్నారు కమిషనర్ గారు.

సరంగు గెడ కిందికి దించాడు. టక్కుమంది. సిమెంటు రోడ్డు.

"లోతు లేదండి బాబయ్యా."

"రికార్డులో పన్నెండడుగులు. కొలతలో శూన్యము." కమిషనర్ గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. "వర్షాభావము మూలమున జలమట్టము తగ్గినట్లు నమోదు చేయవలెను."

శేషారత్నం గిన్నెలోంచి వేయించిన అప్పడాలు తీసి, పిట్టగోడ మీదుగా చెయ్యి చాపి అందరికీ ఇచ్చింది. కమిషనర్ గారు తిన్నారు. మర్యాద అన్నది నిబంధనలకు విరుద్ధం కాదు.

"నీటిలో ఉన్నను కరకరలాడుచున్నవి" అన్నారు నిజాయితీగా.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి బాబూ, నా ఇల్లు నిలబడుద్ది."

"అది నా పరిధిలోని విషయము కాదు." ఆయన గొంతులో నిజంగానే విచారం ఉంది.

సుబ్బారాయుడి చేతిలోని అప్పడం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన తినలేదు. మేడవైపు చూడలేదు కూడా.

*

సోమవారం పొక్లెయిన్ వచ్చింది.

ఇరవైమంది ఆడవాళ్ళూ చేతుల్లో అప్పడాల కర్రలతో వాకిట్లో వరసగా నిలబడ్డారు. శేషారత్నం కుర్చీ వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నేను లేవను. చెరువు అడుక్కి మీరెలా వస్తారో రండి."

"అమ్మా, నేను జీతగాణ్ణి" అన్నాడు పొక్లెయిన్ డ్రైవరు. "గుమ్మం జోలికి రాన్లెండి. అటు మూల నుంచి మొదలెడతాను."

ఇంటి పక్కగా, మెయిన్ రోడ్డు వైపున్న మూల. ఇనప చెయ్యి పైకి లేచింది. పళ్ళు గోడమీద ఆనాయి. ఒక సిమెంటు పెచ్చు ఊడి కింద పడింది.

"ఒరేయ్ ఆపరా!"

ఆ కేక శేషారత్నానిది కాదు. మేనేజరు సుబ్బారాయుడిది. గొడుగు పారేసి, పొక్లెయిన్‌కి అడ్డంగా పరిగెత్తి, గోడకి వీపు ఆనించి చేతులు చాపి నిలబడ్డాడు. "ఈశాన్యం మూల కొడతావేంట్రా! బుద్ధుందా? ఈశాన్యం తెగితే ఇంటి పిల్లలకి చేటు! కొడితే గిడితే నైరుతి నుంచి కొట్టు!"

పొక్లెయిన్ ఆగింది.

సత్తిరాజు నెమ్మదిగా ముందుకి వచ్చాడు. నీలోఫర్ చేతిలోని టాబ్ తీసుకుని పటం తెరిచాడు. ఊరి మొత్తం కనబడేలా వెనక్కి లాగాడు. అప్పడాల వీధి మీదున్న నీలం వంకాయ వైపు చూశాడు. తర్వాత రైల్వే గేటు అవతల ఉన్న ఖాళీ స్థలం వైపు చూశాడు. ఆయన మీసం కింద నవ్వు కదిలింది.

"మేనేజరు గారండీ, మన ఊరికి ఈ వీధి ఏ మూలండి?"

సుబ్బారాయుడు గోడకి ఇంకాస్త అతుక్కుపోయాడు.

"ఈశాన్యం. మరి చెరువు ఇదివరకెక్కడ ఉండేదండి?"

సుబ్బారాయుడి నుదుటి మీద విభూతి చెమటకి కరిగింది.

"నైరుతిలో" అంది నీలోఫర్, నోరు తెరిచి.

కమిషనర్ గారు మొట్టమొదటిసారి మామూలు తెలుగులో మాట్లాడారు. "సుబ్బారాయుడు గారూ, మీరా?"

"నేనేనండి" అన్నాడు సుబ్బారాయుడు. గోడ వదలకుండానే చెప్పడం మొదలెట్టాడు.

"ఆయ్, నేనే జరిపానండి. నవ్వకండి సత్తిరాజు గారూ, నా కుర్చీలో ఓ ఏడాది కూర్చుంటే తెలుస్తుంది. ఈ అయ్యగారికి ముందు రెండేళ్ళలో అయిదుగురు కమిషనర్లు మారారండి. ఒకాయనొచ్చి టేబులు తూర్పుకి తిప్పించారు. తిప్పిన పూటే ఆర్డరొచ్చింది. ఇంకొకాయన ఆకుపచ్చ రంగేయించారు, అది ఆరక ముందే వెళ్ళిపోయారు. ఒకాయనకైతే స్వాగతానికి తెచ్చిన దండే వీడ్కోలుకీ వేశానండి, పూలింకా వాడలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ కుళాయిల గొడవ మొదట్నించీ చెప్పాలి. అర్థమయ్యే టైముకి మనిషుండరు. ఆఫీసుకి యజమాని నిలవకపోతే ఊరు బాగుపడుద్దాండి?

"మా బావమరిది వాస్తు చూస్తాడు. ఊరి పటం చూపించాను. 'నైరుతిలో అంత నీళ్ళేంటి బావా, యజమాని ఎలా నిలుస్తాడు? నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి' అన్నాడు. నలభై ఎకరాల చెరువు నేనెక్కడ మొయ్యనండి? ఆ వారమే సర్కులరొచ్చింది. పటమే ప్రమాణం. నాకు దేవుడు కనబడ్డట్టయిందండి! ప్రమాణం పటమైతే, పటంలో జరిపితే జరిగినట్టే కదా! అయ్యగారు చేరిన కొత్తలోనే, మధ్యాహ్నం భోజనాలప్పుడు మౌసు పట్టుకుని లాగాను. వంక పెట్టకండి, ఫలితం చూడండి. అయ్యగారొచ్చి ఏడాది దాటింది, కుర్చీ కదిలిందా?"

కమిషనర్ గారు కదల్లేదు.

"పాత ఫైలు నా దగ్గరుంది, ఇప్పుడే ఎక్కించేస్తాను. నేరం ఒప్పుకున్నారుగా, నివేదిక అక్కర్లేదు" అంటూ నీలోఫర్ టాబ్ అందుకోబోయింది.

కమిషనర్ గారి చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది. "తొందరపాటు కూడదు."

శేషారత్నం కుర్చీలోంచి లేచింది. "అంటే ఏంటండీ? మీ కుర్చీ నిలబడాలని నా ఇల్లు పడాలా?"

ఆయన ఇంటివైపు చూశారు, టాబ్ వైపు చూశారు. చెయ్యి మాత్రం దించలేదు. ఇరవై అప్పడాల కర్రలు ఒక్కసారిగా కాస్త పైకి లేచాయి.

"అమ్మా, అయ్యగార్నేమీ అనకండి, నా మాట అయిపోలేదు" అన్నాడు సుబ్బారాయుడు. "నీళ్ళు మనుషుల మీద పడతాయని ఆ రోజు నేను చూసుకోలేదండి. నాకు ఆ మూలే కనబడింది, మూలలో మీరున్నారని కనబళ్ళేదు. ఆ తప్పు నాదే. మొన్న మీరిచ్చిన అప్పడం నాకు తినబుద్ధి కాలేదు. అందుకని ఇవాళ పొద్దున్న ఆఫీసు తెరవగానే ఇంకో పని కూడా చేశానండి, అదీ ఒప్పేసుకుంటున్నాను. ఇళ్ళ ఫైలు తెరిచి మీ ఇంటిని, గోడౌనుని, రంగుల షాపుని, టైలరుని ఒక్కొక్కటే పట్టుకుని రైల్వే గేటు దాటించి, ఆ ఖాళీ స్థలంలో దింపేశాను. సింహద్వారం తూర్పుకే ఉంచానండి, అనుమానం పెట్టుకోకండి. పొడినేల మీద ఇల్లు కనబడ్డంతోనే మిషన్ మీ లైసెన్సు దానంతటదే రెన్యువల్ చేసేసింది, కాగితం నా జేబులోనే ఉంది, ఇందండి. కూల్చేముందు ఒకసారి పటం చూస్తారు, ఇక్కడ ఇల్లు లేదని వెళ్ళిపోతారు అనుకున్నాను. రూలుంది కదండీ! రూలు పెట్టినోళ్ళే పటం చూడకుండా గోడ మీదికొస్తారని నేనేం కలగన్నానా? ఇప్పుడు చూడండి అయ్యగారూ. చెరువు ఈశాన్యంలో ఉంది, ఈవిడ పొడినేల మీదుంది, మీరు కుర్చీలో ఉన్నారు, లేని ఇంటిని కూల్చడానికి ఏ సర్కులరూ లేదు. ఇక దారీ తెన్నూ లేనిది ఆ రోజు పడవెక్కిన మన నలుగురికేనండి. పటం ప్రకారం మనం పడవ లేకుండా, ఆ జాకెట్లు కూడా లేకుండా, పన్నెండడుగుల నీళ్ళలో నిలబడి ఉన్నాం. నాకసలే ఈత రాదు. నన్ను తర్వాత అరెస్టు చేద్దురు గాని, ముందందరూ ఒడ్డుకి పదండి."